గోదావరి మన్యమున పంతుళ్ళ శిక్షణ

భద్రాచలము పేరు చెప్పినంతనే మనకు కొండమీది రామాలయము, కంచెర్ల గోపన్న, శ్రీరామనవమినాటి కల్యాణము జ్ఞప్తికి వచ్చుట సహజము. ఏటేట ఆ కల్యాణమును రేడియోలో వినని తెలుగు గృహము అరుదు. కాని ఆ గుడికి ఎగువను దిగువను, గోదావరికి రెండు దరులను అల్లుకొనియున్న అడవిలోని బడులనుగూర్చి వినినవారు తక్కువ. ఆ బడులలో చదువు చెప్పిన పంతుళ్ళు ఎక్కడనుండి వచ్చిరి, చదువు చెప్పుట వారికి నేర్పినవారెవరు, నేర్చినవారికి ఆ వృత్తిలో ఏపాటి పెద్దరికము దక్కినది అనునదే నేటి ప్రసంగవిషయము. ఇది విద్యాశాఖవారికి మాత్రమే పనికివచ్చు కథ కాదు. కోయపల్లెలోని పంతులు చాలకాలము ఆ పల్లెకును ప్రభుత్వమునకును నడుమనున్న ఒకే ఒక అక్షరాస్యుడు. అతడెవరన్న ప్రశ్న ఆ పల్లెవారి భూమికి, అడవికి, కోర్టువ్యవహారమునకు సంబంధించిన ప్రశ్న.

ముందుగా ఆ సీమ పాలన యెట్లు మారుచు వచ్చెనో కొంత చెప్పక తప్పదు. భద్రాచలము, రేకపల్లి ప్రాంతములు 1860లో నిజాము ప్రభుత్వమునుండి ఆంగ్లేయుల వశమైనవి. కొన్నాళ్ళు మధ్యరాష్ట్రములందలి ఎగువ గోదావరి జిల్లాలో నుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినవి. ఆవలి దరిని పాల్వంచ, ఇల్లెందు, ఖమ్మము తాలూకాలు నిజాము రాజ్యములోనే వరంగల్లు జిల్లాలో నిలిచిపోయినవి. ఒకే కోయకుటుంబములో అన్న ఈదరిని తమ్ముడు ఆదరిని ఉన్నచో, ఒకనికి సర్కారుభాష ఉర్దూ, మరియొకనికి తెలుగును ఇంగ్లీషును. ఇరువురికిని ఇంటిభాష మాత్రము కోయ. ఖమ్మము ప్రత్యేకజిల్లాగా 1953లో ఏర్పడినది. భద్రాచలము డివిజను తూర్పుగోదావరినుండి విడివడి 1959లో దానిలో కలిసినది. అంతవరకు ఈ రెండు దరుల పంతుళ్ళు రెండు ప్రభుత్వముల పరీక్షలకు కూర్చుండిరి, రెండు విధముల జీతములు పుచ్చుకొనిరి. వారిలో కోయవారు మాత్రము వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందియైన నుండిరో లేదో!

ఈ అడవిలో ఆధునికవిద్య తొలుత ప్రవేశించినది నదిమీదుగానే. సర్ ఆర్థర్ కాటన్ గోదావరిని పైదాక పడవల త్రోవగా చేయదలచినప్పుడు, భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెమువద్ద ఆనకట్టయు, పడవలు దాటుటకు లాకులును కట్టిరి. ఆ పనులను నడపిన ఇంజనీరు హేగ్ గారి ప్రోత్సాహమున 1860 ప్రాంతముల క్రైస్తవమిషను అక్కడ నెలకొన్నది. ఆ పనుల కార్యాలయములో నుద్యోగియైన వెంకటరామరాజను తెలుగుపెద్దమనిషి ఉద్యోగము వదలుకొని మిషను పనిలో ప్రవేశించెను. ఖర్చు భరింపలేక 1871లో ప్రభుత్వము నౌకాయానపు పథకమును విడిచిపెట్టినది, కాని బడులు నిలిచినవి. తరువాత దుమ్ముగూడెములో చిరకాలము పనిచేసిన జాన్ కెయిన్ అను ఫాదిరీ కోయల భాషను, ఆచారములను జాగ్రత్తగా పరిశీలించి, 1870ల తరువాత పండితపత్రికలలో వ్యాసములు ప్రకటించెను. మతప్రచారము వారి ముఖ్యోద్దేశమన్న మాట దాచవలసిన పనిలేదు. అయినను ఒక్క సంగతి ఒప్పుకొనవలెను. కోయపిల్లలకు చదువు చెప్పవలెనన్నచో ముందు పంతులు కోయభాష నేర్వవలెనని ఈ ప్రాంతమున ఆచరణలో చూపినవారు వారు.

ఇదే సత్యమును మన తెలుగువారిలో మరియొక మహనీయుడు మరియొక అడవిలో కనుగొనెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలభాషను వారి నోటనుండియే నేర్చి, సవరపిల్లలకు వాచకములు వ్రాసి, స్వంతధనము వెచ్చించి బడులు పెట్టించిరి. వారి సవరభాషా గ్రంథము 1931లో వెలువడినది. వ్యావహారికభాషోద్యమపు పితామహుని పేరు ఈ గ్రాంథికపు ప్రసంగములో ఉచ్చరించుట ఆయన విన్నచో చిన్ననవ్వు నవ్వియుందురేమో! పిల్లవాని ఇంటిమాటనుండి బయలుదేరని చదువు చదువు కాదని ఆయన తెలుగుబడికి చెప్పినది, సవరబడిలో అంతకుముందే ఆచరించి చూచినది. కాని ఆయన చేసినది వ్యక్తి చేయగల పని. అటవికులనే ఉపాధ్యాయులుగా తీర్చి, వారిని ప్రభుత్వోద్యోగులుగా నిలుపుట ప్రభుత్వము చేయవలసిన పని. దానికి ఒక తిరుగుబాటు కావలసివచ్చినది.

1940లో ఆదిలాబాదు జిల్లా జోడెఘాటు కొండలలో కుమ్రము భీము నాయకత్వమున గోండులు నిజాము అధికారుల నెదిరించిరి. పోలీసుల కాల్పులలో భీము మరణించెను. అటుపిమ్మట ఆ ప్రజల కష్టములకు కారణమేమో విచారింపవలసినదిగా నిజాము ప్రభుత్వము ఒక ఆస్ట్రియా దేశీయుని నియోగించినది. ఆయన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. రెండవ ప్రపంచయుద్ధకాలమున శత్రుదేశపు పౌరుడని ఆంగ్లేయులు ఆయన రాకపోకలకు ఎల్లలు విధించుటచే హైదరాబాదు రాజ్యములో చిక్కుపడిన పండితుడు. అప్పటికే ఆయన మన పాపికొండల రెడ్ల నడుమ తిరిగి, వారి జీవితమును పరిశీలించియుండెను. ఆ గ్రంథము 1945లో వెలువడినది. ఆ కొండరెడ్లు పాల్వంచ సంస్థానపు దరిని, భద్రాచలపు దరిని గూడ నివసించువారే.

హైమెండార్ఫ్ గారు 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము స్థాపించిరి. దీని పద్ధతి గమనింపదగినది. పట్టపరీక్షలు గడచినవారికొరకు వేచియుండలేదు. అట్టివారు గోండులలో లేరుగదా! మరాఠీ అక్షరములు కొలది కొలదిగా నేర్చిన యువకులను ఏరి తెచ్చి, వారి అక్షరజ్ఞానమును బలపరచి, గోండీభాషలోనే దేవనాగరిలిపితో అచ్చువేసిన వాచకములను వారి చేతికిచ్చిరి. వాచకములలో గోండుల కథలే పాఠములు. శిక్షణ ముగిసినవాడు మరల తన పల్లెల నడుమకే పంతులై వెళ్ళెను. ఆ తరువాత ఇటువంటి పథకమే వరంగల్లు జిల్లా కోయలకు గూడ విస్తరింపబడినది. ఖమ్మము అప్పుడు ఆ జిల్లాలోని భాగమే.

మార్లవాయిలో శిక్షణ పొందినవారు బడిపంతుళ్ళుగా మాత్రమే మిగిలిపోలేదన్నది ఈ కథలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచు అంశము. అర్జీ వ్రాయుట వారికి తెలిసినది. తహసీలుదారు కచేరీలో ఏ కాగితము ఎవరిచేతికి ఈయవలెనో తెలిసినది. గిరిజనసంక్షేమమునకు ప్రత్యేకాధికారియైన సేతుమాధవరావు పగడీగారి కాలమున లక్ష ఎకరములకు మించిన భూమికి గోండులకు పట్టాలిచ్చిరి. పట్టా ఇచ్చుట ప్రభుత్వపు పనియే. కాని ఇచ్చిన పట్టాలో వ్రాసియున్న సర్వే నంబరు తన పొలముదో కాదో చదివి చెప్పువాడు పల్లెలోనే ఉండుట వేరొక మేలు. ఆ మేలు పంతులువలన కలిగినది. శిక్షితులలో కొందరు గ్రామోద్యోగములకు గూడ ప్రవేశించిరి. నేడు మనము ఉపాధ్యాయుల నాయకత్వమని సభలలో పలుకుచున్న మాటకు అడవిలో అర్థము ఇది.

ఈ ఏర్పాటు దీర్ఘకాలము నిలువలేదు. 1948లో నిజాము పాలన అంతరించినది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించినది. రాష్ట్రమంతట ఒకే పాఠ్యప్రణాళిక, ఒకే అర్హత, ఒకే బదిలీ నియమము అను విధానములో గోండీవాచకములకు స్థానము లేకపోయినది. ఆశ్రమపాఠశాలలు అనేకము వెలసినవి, పిల్లలకు తిండియు వసతియు దొరకినవి. ఇది చిన్న మేలు కాదు. అయితే పంతులు మాత్రము మైదానమునుండి వచ్చువాడయ్యెను. అతనిని పూర్తిగా తప్పుపట్టరాదు. ట్రెయినింగు స్కూలులో అతనికి తెలుగువాచకము బోధించు పద్ధతి నేర్పిరే గాని, తెలుగు రాని పిల్లవానికి మొదటిమాట ఎట్లు చెప్పవలెనో నేర్పలేదు. వానకాలమున వాగులు పొంగినచో త్రోవయుండదు. మలేరియా సరేసరి. ఒకే గది, అయిదు తరగతులు, ఒక్కడే పంతులు. మన్యమునకు బదిలీయనగా శిక్ష యను భావము కచేరీలలో పాతుకొనిపోయినది. శిక్షగా వచ్చినవాడు తిరుగుటపా కొరకు చూచుట మానవస్వభావము. 1970ల చివర మరల ఈ సీమలలో తిరిగిన హైమెండార్ఫ్ గారు, తాము తీర్చిన గోండుపంతుళ్ళ స్థానమున వచ్చిన మైదానపు ఉపాధ్యాయులు బడికి తరచు రాకపోవుటను 1982లో ప్రకటించిన గ్రంథములో బాధతో వర్ణించిరి.

ఇచట ఒక చిన్న ప్రస్తావన. మన రాజ్యాంగము ఉపాధ్యాయులకు విధానమండలిలో ప్రత్యేకస్థానములు కల్పించినదని శ్రోతలెరుగుదురు. వరంగల్లు, ఖమ్మము, నల్లగొండ ప్రాంతములకు అట్టి నియోజకవర్గమొకటి నేటికిని కలదు. కాని 171వ అధికరణము ప్రకారము ఆ వోటు ఉన్నతపాఠశాలకు తక్కువకాని విద్యాలయములలో బోధించువారిదే. అడవిలోని ఏకోపాధ్యాయ పాఠశాల పంతులునకు ఉపాధ్యాయుడుగా ఆ వోటు లేదు! వృత్తిలో నాయకత్వపు మెట్లు ఎక్కడ మొదలగునో ఈ ఒక్క నిబంధన చెప్పకయే చెప్పుచున్నది.

1986 నవంబరు 5వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 275వ నంబరు ఉత్తరువు వెలువరించినది. రాజ్యాంగము అయిదవ షెడ్యూలు గవర్నరున కొసగిన అధికారముతో, షెడ్యూల్డు ప్రాంతములలోని ఉపాధ్యాయపదవులు స్థానిక గిరిజనులకే చెందవలెనని శాసించినది. మార్లవాయి భావము నలువదియేండ్లకు మరల చట్టరూపమున వచ్చినదన్నమాట. అయితే 1988లో, అర్హులైన గిరిజనులు దొరకువరకు ఇతరులు ఆ పదవులలో ఉండవచ్చునని సవరణ చేయవలసివచ్చినది. ఇందులోని చిక్కు స్పష్టము. ఉత్తరువు వ్రాయుటకు ఒక దినము చాలును. పదవతరగతి గడచి, శిక్షణ పొంది, పదవికి అర్హుడైన కోయయువకుడు తయారగుటకు పదునైదేండ్లు పట్టును. ఆ పదునైదేండ్ల పని ముందుగా జరిగియుండలేదు. 1989లో పరిపాలన ట్రిబ్యునలు ఆ ఉత్తరువును కొట్టివేసినది. అప్పీలు సుప్రీముకోర్టులో చాలకాలముండి, 1998లో ప్రభుత్వమే ఉపసంహరించుకొన్నది.

పిమ్మట 2000 జనవరి 10వ తేదీన 3వ నంబరు ఉత్తరువు వచ్చినది. భద్రాచలపు పల్లెలలో చదువుకొన్న వారెవరిని అడిగినను ఈ నంబరు కంఠస్థముగా చెప్పుదురు. షెడ్యూల్డు ప్రాంతపు బడులలో ఉపాధ్యాయపదవులన్నియు స్థానిక గిరిజనులకే, అందులో మూడవవంతు స్త్రీలకు అని దాని సారాంశము. మైదానపు ఉపాధ్యాయుల గైరుహాజరును ప్రభుత్వము దీనికి ముఖ్యకారణముగా చూపినది. 1950 జనవరి 26 నాటినుండి ఎడతెగక అచట నివసించు కుటుంబముల వారే స్థానికులు. 2001లో హైకోర్టు న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు దీనిని సమర్థించిరి. ఆ తరువాత ఇంచుమించు ఇరువదియేండ్లు ఈ ఉత్తరువు నడచినది. కోయలు, కొండరెడ్లు, లంబాడీలు మున్నగు కుటుంబములనుండి తొలిసారిగా పెద్దసంఖ్యలో పంతుళ్ళు, ముఖ్యముగా పంతులమ్మలు, బయలుదేరిరి. ఒక ఆడపిల్ల శిక్షణకు పోవుటకు ఇంటిపెద్దలు సమ్మతించుటకు, తిరిగివచ్చిన పిదప తమ మండలములోనే ఉద్యోగము నిశ్చయమన్న నమ్మకము ఎంత తోడ్పడునో చెప్పనక్కరలేదు.

2020 ఏప్రిల్ 22వ తేదీన సుప్రీముకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ ఉత్తరువు చెల్లదని తీర్పు చెప్పినది. నూటికి నూరు రిజర్వేషను సమానత్వహక్కునకు విరుద్ధమనియు, అయిదవ షెడ్యూలు అధికారము ప్రాథమికహక్కులను దాటిపోజాలదనియు న్యాయస్థానము భావించినది. అప్పటికే నియమితులైనవారిని తొలగింపరాదనియు, ఇకమీద నూటికి ఏబది మితి దాటరాదనియు చెప్పుచు, రెండు తెలుగు రాష్ట్రములకు ఖర్చులు గూడ విధించినది. వాదమునకు ఇరుప్రక్కల బలము లేకపోలేదు. తరతరములుగా ఏజెన్సీలోనే బ్రతుకుచున్న హరిజనులు మున్నగు గిరిజనేతరులైన బీదల పిల్లలకు, తమ ఊరి బడిలో ఎన్నటికిని ఉద్యోగము రాదనుట కఠినమే. ఇతరప్రాంతముల గిరిజనులకు గూడ ఆ తలుపు మూసియుండెను. ఈ కష్టమును తేలికగా త్రోసివేయువారితో నేను ఏకీభవింపను. అయినను తీర్పు పంతులు పదవిని ఉద్యోగముగా తూచినది. పల్లె దానిని అక్షరము తెలిసిన తనవాడు దొరకుటగా తూచుచున్నది. ఈ రెండు తూకములు ఒకే త్రాసులో ఇమడవు.

నియామకము ఒక యెత్తు, నియమితుడైన పిదప నేర్చుట మరియొక యెత్తు. ఇందులో మన రాష్ట్రము చేసిన కొన్ని ప్రయత్నములు మెచ్చదగినవి. 1989నుండి 1996వరకు ఆంగ్లదేశపు ధనసహాయముతో నడచిన ప్రాథమికవిద్యాపథకమున, రాష్ట్రములోని ఇరువదిమూడు జిల్లాలయందును ఉపాధ్యాయకేంద్రములు ఏర్పడినవి. చుట్టుప్రక్కల బడుల పంతుళ్ళు ఒకచోట గూడి, ఒకరు పాఠము చెప్పగా తక్కినవారు చూచి, మంచిచెడ్డలు చర్చించుకొనుట వాని విశేషము. పిల్లలు తమ చేతులతో చేసి నేర్చుట, పరిసరములనే పాఠముగా వాడుకొనుట అందు బోధించిన సూత్రములు. అంతవరకు పైనుండి ఇన్స్పెక్టరు వచ్చి తప్పులెన్నుటయే ఎరిగిన ఏకోపాధ్యాయునకు, తోటిపంతుళ్ళ ఎదుట తన ఉపాయము చెప్పుకొను అవకాశము క్రొత్త. 1986నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి వెలసిన జిల్లా శిక్షణసంస్థ ఖమ్మములో నున్నది. ఖమ్మమునుండి భద్రాచలము ఇంచుమించు నూట ఇరువది కిలోమీటరులు, అచటినుండి చర్ల మరియొక ఏబది పైచిలుకు. చర్లకు ఆవల వాగు దాటి పోవలసిన పల్లెలోని పంతులు శిక్షణకు వచ్చుటయనగా బడికి కొన్ని దినములు తాళము వేయుటయే. అందుచేత శిక్షణ పంతులు వద్దకు వచ్చుట మేలుగాని, పంతులు శిక్షణవద్దకు పోవుట మేలు కాదని నా అభిప్రాయము.

ఏజెన్సీలో మాబడులని పేరొందిన చిన్నబడులు 1990లలో వెలసినవి. చదువుకొన్న స్థానిక యువకుని పల్లెవారే పంతులుగా ఎన్నుకొనుట వాని పద్ధతి. జీతము స్వల్పము, ఉద్యోగభద్రత లేదు. అయినను పంతులు సాయంకాలము గూడ ఊరిలోనే ఉండెడివాడు. ఆ తరువాత 2004లో ప్రారంభమైన బహుభాషావిద్యా కార్యక్రమము ఇంకొక అడుగు ముందునకు వేసినది. గోండీ, కోయ, కొలామీ, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అను ఎనిమిది భాషలలో, భాషకు ముప్పది చొప్పున 240 బడులలో దానిని ఆరంభించిరి. వాచకములు తెలుగులిపిలో తయారైనవి. వానిని వ్రాసినవారు ఆయా భాషల పంతుళ్ళును, పల్లెపెద్దలును. ఇంతవరకు ఇతరులు వ్రాసిన పుస్తకమును పిల్లలకు వల్లెవేయించినవాడు, పుస్తకకర్తల సభలో కూర్చుండి ఈ చెట్టును మా పల్లెలో ఏమందురో వాదించుట! ఉపాధ్యాయునకు ఇంతకుమించిన శిక్షణ ఉన్నదని నేననుకొనను. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ అలజడులకు తాళలేక సరిహద్దు దాటి మన అడవులలో గుడిసెలు వేసికొన్న గుత్తికోయల పిల్లలకు తొలిమాట అర్థమగునట్లు చెప్పగలిగినవారు ఇట్టి కోయపంతుళ్ళే.

ఇంత జరిగినను పైమెట్లలో స్థానము పలుచనగానే యున్నది. బోధించుటలో ఆరితేరిన అడవిపంతులునకు మండలవిద్యాధికారి కచేరీలోనో, జిల్లా శిక్షణసంస్థలో శిక్షకుడుగానో కూర్చుండు త్రోవ ఇరుకు. పరీక్షలు, సీనియారిటీపట్టికలు, పట్టములు అడ్డుగా నిలుచును. కోయభాషలో మొదటితరగతి నడుపుటయందు ముప్పదియేండ్ల అనుభవమునకు ఆ పట్టికలలో అంకెలు లేవు.

2014లో రాష్ట్రము రెండుగా చీలినప్పుడు, పోలవరము కారణముగా చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మున్నగు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. భద్రాచలపు పట్టణము, చర్ల, దుమ్ముగూడెము తెలంగాణములో నిలిచినవి. 2000 సంవత్సరపు ఉత్తరువు క్రింద నియమితులైన పంతుళ్ళు ఇప్పుడు ఈ గీతకు రెండుప్రక్కల పనిచేయుచున్నారు. తెలంగాణ ప్రభుత్వము 2021లో పదవీవిరమణ వయస్సును 61 ఏండ్లకును, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022లో 62 ఏండ్లకును పెంచినవి. ఒకే ఉత్తరువుతో ఉద్యోగము పొంది, ఒకే వయస్సుగల ఇరువురు కోయపంతుళ్ళలో చర్లవాడు ఒక యేడు ముందు, చింతూరువాడు ఒక యేడు వెనుక బడినుండి ఇంటికి పోవుదురు. వారు ఖాళీచేసిన కుర్చీలకు ఆ పల్లెవారికి పూర్వపు హామీ లేదు.